కాలువ గట్టు మలుపుకు వచ్చిన గ్రాంటు: రహదారి భద్రత నిధుల పథకంపై సమీక్ష

ఊళ్లలో రోడ్డు ప్రమాదాలను తగ్గించే పనుల కోసం స్థానిక సంఘాలకు గ్రాంటు ఇచ్చే ఒక కంపెనీ ఫౌండేషన్ నుంచి మా సంఘానికి 2023 జనవరిలో 4,60,000 రూపాయలు మంజూరయ్యాయి. ఆ డబ్బుతో చేసిన పనులు ఈపాటికి రెండు సార్వాలు (ఖరీఫ్ పంటలు), రెండు దాళ్వాలు (రబీ పంటలు) చూశాయి కాబట్టి ఏది నిలిచిందో ఏది నిలవలేదో ఇప్పుడు తొందరపాటు లేకుండా చెప్పవచ్చు. ఫౌండేషన్ పేరు రాయడం లేదు. నేను చెప్పే లోపాల్లో చాలావరకు ఆ ఒక్క సంస్థకే చెందినవి కావు. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 లెక్కన నిధులు విడుదల చేసే ఏ సంస్థతోనైనా డెల్టాలో పని చేయబోయేవారికి అవి ఎదురవుతాయి. దరఖాస్తు పెట్టాలనుకుంటున్న సంఘాలవారికి ఉపయోగపడాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది కోనసీమలో మధ్య డెల్టా కాలువ ఒడ్డున ఉన్న ఊరు. ఊరి నుంచి జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లే దారి కాలువ గట్టు మీద సాగుతుంది. ఒక పక్క కాలువ, మరో పక్క బోదె (చిన్న పంట కాలువ). మధ్యలో రెండు కార్లు ఎదురైతే ఒకటి ఆగి దారి ఇవ్వవలసినంత వెడల్పు మాత్రమే ఉంటుంది. పొలాల నుంచి వచ్చే పుంత (బండ్ల బాట) వంతెన దిగువన ఈ రోడ్డులో కలుస్తుంది. పుంతకు ఇరువైపులా అరటి తోటలు, గట్టు మీద వంగిన కొబ్బరి చెట్లు ఉండటం వల్ల వంతెన దిగే వాహనానికి పుంతలో నుంచి వచ్చే ట్రాక్టరు దాదాపు ఎదురుపడే క్షణం దాకా కనిపించదు. సైకిళ్ల మీద బడికి వెళ్లే పిల్లలు ఆ మలుపు దగ్గర కాలువ వైపే ఒదిగి వెళ్తారు, ఎందుకంటే రోడ్డుకు ఎడమ పక్క ఉన్నది కాలువే. ముప్పై ఏళ్లు ఆ దారిన బడికి వెళ్లి వచ్చినవాణ్ణి కాబట్టి ఆ మలుపును గురించి నాకున్న భయం కాగితం మీద పుట్టింది కాదు.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. అయినా మా మలుపు ఏ ప్రమాద స్థలాల జాబితాలోనూ లేదు, ఉండే అవకాశమూ లేదు. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నిర్వచనం ప్రకారం జాతీయ రహదారిలో సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణాలు గాని తీవ్ర గాయాలు గాని జరిగిన ప్రమాదాలు అయిదు ఉంటేనో, మొత్తం పది మరణాలు ఉంటేనో దానిని బ్లాక్ స్పాట్ అంటారు. గట్టు రోడ్డు మీద మోటారు సైకిలు జారి కాలువలో పడినవాణ్ణి రేవులో బట్టలు ఉతికేవాళ్లు పైకి లాగితే, అతను తడి బట్టలతో ఇంటికి వెళ్లిపోతాడు. కేసు ఉండదు, ఫిర్యాదు ఉండదు. అందువల్ల దరఖాస్తుకు ముందు నాలుగు నెలలపాటు వంతెన పక్కన ఉన్న టీ దుకాణంలో ఒక నోటు పుస్తకం పెట్టి, ఎవరు పడినా తేదీ, వేళ, వాహనం, ఎటు నుంచి ఎటు వెళ్తున్నారన్నది రాయించాం. పద్నాలుగు నమోదయ్యాయి. వాటిలో పోలీసు స్టేషను దాకా వెళ్లినవి రెండు. పద్నాలుగింటిలో తొమ్మిది చీకటి పడ్డాక జరిగినవే కావడం, వాటిలో ఆరింటిలో ట్రాక్టరు ట్రక్కు ప్రమేయం ఉండటం మాకే కొత్తగా తెలిసింది. ఫౌండేషన్ వారు మా దరఖాస్తులో మొదట చదివింది ఆ నోటు పుస్తకం నకలునే అని తరవాత చెప్పారు. ఈ పథకంలో నాకు నచ్చిన మొదటి విషయం ఇది: పోలీసు రికార్డు లేదని దరఖాస్తును తోసిపుచ్చలేదు.

అర్హత విషయంలో ముందుగా తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కింద నికర విలువ గాని టర్నోవరు గాని నికర లాభం గాని పరిమితికి మించి ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. రహదారి భద్రతపై ప్రజలకు అవగాహన, డ్రైవర్ల శిక్షణ, ప్రమాద బాధితుల చికిత్స వంటివి ఆ ఖర్చు కిందికి వస్తాయని కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2014 జూన్‌లోనే సర్క్యులరులో స్పష్టం చేసింది. కాని మేము దరఖాస్తు పెట్టిన నాటి నిబంధనల ప్రకారం ఆ డబ్బు అందుకునే సొసైటీకి ఆదాయపు పన్ను చట్టం కింద 12ఎ, 80జి నమోదులు, ఆ తరహా పనిలో కనీసం మూడేళ్ల అనుభవం, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 (కంపెనీల సామాజిక బాధ్యత నిధులు అందుకునే సంస్థల) నమోదు సంఖ్య ఉండాలి. ఊరి యువజన సంఘాలకు ఇవేవీ ఉండవు. మాకూ లేవు. పట్టణంలోని ఒక విశ్రాంత ఉద్యోగుల సేవా సంఘం తమ నమోదు కింద దరఖాస్తు పెట్టడానికి ఒప్పుకోకపోతే మా కథ అక్కడే ఆగిపోయేది. ఈ నిబంధన చట్టానిది, ఫౌండేషన్‌ది కాదు. అయినా పిలుపు ప్రకటనలో "ఏ గ్రామ సంఘమైనా దరఖాస్తు చేసుకోవచ్చు" అని రాసి, ఈ షరతును ఏడో పేజీలో పెట్టడం సరికాదు.

ఇక ఈ పథకంలో అన్నిటికన్నా విలువైనది వారు పంపిన ట్రాఫిక్ ఇంజనీరు. పగలు వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారనుకున్నాం. ఆయన సాయంత్రం అయిదింటికి వచ్చి రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉన్నారు. మా కుర్రవాడి మోటారు సైకిలు తీసుకుని మలుపును మూడు వైపుల నుంచీ దాటి చూశారు, తరవాత పుంత మొదట్లో నేల మీద గొంతుకూర్చుని, పదేళ్ల పిల్లవాడి కంటి ఎత్తుకు వంతెన ఎక్కడ కనిపించడం మొదలవుతుందో టేపుతో కొలిచారు. అప్పటికి ఊరివాళ్లు వంతెనకు అటూ ఇటూ సిమెంటుతో ఎత్తుగా పోసిన రెండు స్పీడు బ్రేకర్లను చూపించి, "ఇవి ఆపడం లేదు మాస్టారూ, పడగొడుతున్నాయి" అన్నారాయన. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటవలసిన గుండ్రని హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని, మా దిమ్మలు అడుగున్నర వెడల్పులోనే అంత ఎత్తు లేచాయని, వెనక కూర్చున్న మనిషి ఎగిరి పడేది అందుకేనని కొలిచి చూపించారు. నోటు పుస్తకంలో మళ్లీ వెతికితే పద్నాలుగు సంఘటనల్లో మూడు ఆ దిమ్మల మీదనే జరిగాయి. వాటిని మేమే పోయించాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పంచాయతీకి చెప్పి ఒక దిమ్మను పగలగొట్టించి, రెండోదాన్ని కొలత ప్రకారం వెడల్పు చేయించాం. గ్రాంటు రూపాయి రాకముందే జరిగిన ఆ పని వల్ల కలిగినంత మేలు తరవాత కొన్న పరికరాల్లో కొన్నిటి వల్ల కలగలేదు.

మేము అడిగింది 6,20,000 రూపాయలు. అందులో కాలువ వైపు ఇరవై అయిదు మీటర్ల రెయిలింగుకు వేసిన లక్ష రూపాయలను, రెండేళ్ల నిర్వహణకు వేసిన అరవై వేలను కొట్టివేశారు. రెయిలింగు ప్రభుత్వ స్థలంలో శాశ్వత నిర్మాణం కాబట్టి తమ పరిధిలోకి రాదన్నారు; అది వారి నియమం, ముందే రాసి ఉంది, తప్పు పట్టను. నిర్వహణ ఖర్చును కొట్టివేయడం మాత్రం నాకు ఏ విధంగానూ సమంజసంగా తోచలేదు. ఉప్పు గాలి తగిలే ప్రాంతంలో, ఏడాదిలో సగం తేమ ఉండే గట్టు మీద, బ్యాటరీతో నడిచే దీపం పెట్టి దాన్ని చూసుకోవడానికి డబ్బు ఇవ్వకపోతే అది ఎన్నాళ్లు వెలుగుతుంది? "నిర్వహణ స్థానిక సమాజ భాగస్వామ్యంతో జరగాలి" అని మంజూరు పత్రంలో ఒక వాక్యం రాశారు. సమాజం భాగస్వామి కావడానికి సిద్ధంగానే ఉంది. బ్యాటరీ మాత్రం ఉచితంగా రాదు.

అసలు ఇబ్బంది మంజూరు తరవాత మొదలైంది. డెల్టాలో గట్టు పనికి ఒక కాలం ఉంది. జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్లు వదిలింది మొదలు సార్వా అయ్యేదాకా, ఆ వెంటనే దాళ్వా కోసం ఏప్రిల్ దాకా కాలువలు పారుతూనే ఉంటాయి. నిండు కాలువ గట్టు మీద రెండడుగుల లోతు గొయ్యి తవ్వడానికి జలవనరుల శాఖ అనుమతి ఇవ్వదు, ఇవ్వకపోవడమే న్యాయం. గండి పడితే దిగువ ఊళ్ల చేలు ఏమవుతాయో ఇక్కడ పుట్టినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. దాళ్వా ఆఖరి తడి అయి కాలువలు కట్టేశాక (నీళ్లు ఆపేశాక), మళ్లీ నీళ్లు వదిలేలోపు దొరికే నెలా నెలన్నర మాత్రమే మాకు పని కాలం. ఫౌండేషన్ మొదటి విడత 2,30,000 రూపాయలు జనవరి ఆఖరి వారంలో వచ్చాయి. వాటిని మార్చి 31 లోగా పూర్తిగా ఖర్చు చేసి బిల్లులు పంపాలని షరతు. కాలువలు కట్టేదాకా గడువు ఇవ్వమని రెండు ఉత్తరాలు రాశాను. వారి ప్రాజెక్టు అధికారిణి మర్యాదస్తురాలు, ఫోను ఎత్తని రోజు లేదు. అయినా ఆమె ప్రతిసారీ చెప్పింది ఒకటే: "మాస్టారూ, మీరు చెప్పేది నాకు అర్థమైందండీ, కాని సిస్టంలో మార్చి దాటదు."

దాంతో మార్చి ఆఖరి వారంలో సరఫరాదారు మనుషులు వచ్చి, గట్టు అంచున పాతవలసిన రిఫ్లెక్టర్ స్తంభాలను రోడ్డు పక్క వదులు మట్టిలో అడుగు లోతున పాతి, ఫొటోలు తీసుకుని వెళ్లారు. జూన్ మొదటి వానలకు పన్నెండు స్తంభాల్లో ఏడు ఒరిగాయి. ఒరిగిన స్తంభం రోడ్డు అంచు లేని చోట అంచు ఉన్నట్టు చూపిస్తుంది. అంటే ఏ ప్రమాదాన్ని ఆపడానికి పెట్టామో దానికే దారి చూపిస్తుంది. వాటిని ఆ రోజే పీకించి పంచాయతీ కార్యాలయంలో పెట్టించి, మరుసటి ఏడు కాలువలు కట్టేశాక శాఖవారి లిఖిత అనుమతితో, వారి ఇంజనీరు ఎదుటే, గట్టులో సరైన లోతున కాంక్రీటుతో పాతించాం. దానికి అయిన పద్దెనిమిది వేలు ఊళ్లో చందాలు వేసుకున్నాం. ఒకే పనికి రెండుసార్లు డబ్బు ఖర్చయింది, ఏడాది కాలం వృథా అయింది.

ఇది తప్పని పరిస్థితి కాదని తరవాత తెలిసి మరింత బాధపడ్డాను. బహుళ సంవత్సరాల పనిని "కొనసాగే ప్రాజెక్టు"గా కంపెనీ బోర్డు ముందే గుర్తిస్తే, ఖర్చు కాని డబ్బును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాకు మార్చి, ఆపై మూడు ఆర్థిక సంవత్సరాల లోపు వాడుకోవడానికి అదే 135వ సెక్షను వీలు కల్పిస్తోంది. దరఖాస్తు చేసేవారు మొదటి సమావేశంలోనే ఈ ఒక్క మాట అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. మాకు తెలియక అడగలేదు. తెలిసినవారు చెప్పలేదు.

పరికరాల సంగతికి వస్తే, సరఫరాదారును ఫౌండేషన్ ఇచ్చిన జాబితా నుంచే ఎంచుకోవాలి. సోలార్ బ్లింకర్లు (మిణుకుమనే హెచ్చరిక దీపాలు) రెండింటిలో ఒకటి కొబ్బరి చెట్టు నీడలో పెట్టారు. నగరంలో కూర్చుని పటం మీద గుర్తు పెట్టిన చోటు అది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర దాకా తప్ప పలకకు ఎండ తగలదు కాబట్టి రాత్రి ఎనిమిదింటికే దీపం ఆరిపోయేది. మేము ఫిర్యాదు చేసిన ఆరు వారాలకు మరో పక్కకు మార్చారు. కుంభాకార అద్దాలు మూడింటిలో ఒకదాని మీద కొబ్బరి మట్ట పడి పగిలింది, ధనుర్మాసపు మంచులో మిగతా రెండూ తెల్లవారుజామున తడిసి ఏమీ కనిపించవు. పొద్దెక్కాక మాత్రం పుంతలో నుంచి వచ్చే బండ్లవాళ్లు వాటిని చూసే రోడ్డెక్కుతున్నారు. అద్దాన్ని కొమ్మకు దూరంగా, రోజూ గుడ్డతో తుడవగలిగే ఎత్తులో పెట్టించుకోవాలి. రోడ్డు మీద అతికించిన స్టడ్లు (వెలుగు పడితే మెరిసే బిళ్లలు) మొదటి దాళ్వాకే ఆరబోసిన ధాన్యం కింద కనిపించకుండా పోయాయి, పోగులు చేసే చెక్కలకు అడ్డు తగిలి కొన్ని ఊడాయి. వాటి మీద పెట్టిన డబ్బు మా రోడ్డుకు తగినది కాదు.

గ్రాంటులో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ ఫలితం ఇచ్చినవి ట్రాక్టరు ట్రక్కులకు అంటించిన రేడియం స్టిక్కర్లు. వాహనాలకు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు ఉండాలన్నది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్నదే, కాని పొలం పనుల ట్రక్కుల్లో అది కనిపించడం అరుదు. రైసుమిల్లు దగ్గర ధాన్యం దింపడానికి వరసలో ఆగిన ట్రక్కులకు అంటించడం మొదలుపెట్టాం. మొదటి రోజు అంటించిన ముప్పైలో సగం రాత్రికే ఊడిపోయాయి, ఎందుకంటే ట్రక్కుల తలుపుల మీద ఎండిన బురద, దాని కింద పాత పెయింటు పొరలు. రెండో రోజు మిల్లు పక్క నుంచి కొబ్బరి పీచు తెప్పించి, దాన్ని కిరసనాయిల్లో ముంచి తలుపును రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, రేకు వెచ్చబడేదాకా ఎండలో ఉంచి అప్పుడు అంటించాం. అలా అంటించినవి రెండేళ్లయినా ఇంకా ఉన్నాయి. వరసలో ఉన్న ఒక డ్రైవరుకు అతని ట్రక్కును చీకట్లో యాభై అడుగుల దూరం నుంచి టార్చి వేసి చూపిస్తే అతను కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మేం ముందు కూర్చుంటామండీ, ట్రక్కు మా వెనకాల ఉంటది. అది వెనకోడికి కనపడటం లేదని మాకేం తెలుస్తాదండీ" అన్నాడు. ఆ సాయంత్రం అతనే మరో పదకొండు ట్రక్కులను పిలుచుకొచ్చాడు.

ధాన్యం ఆరబోతను గురించి కూడా చెప్పాలి. రోడ్డు మీద ధాన్యం పోసి చుట్టూ రాళ్లు పేర్చి, చీకటి పడ్డాక రాళ్లు అలాగే వదిలేయడం మా ప్రాంతంలో ప్రాణాంతకమైన అలవాటు. దీనికి రైతును తిట్టి ప్రయోజనం లేదు. తేమ 17 శాతానికి మించితే కొనుగోలు కేంద్రంలో ధాన్యం తీసుకోరు, ఆరబెట్టుకోవడానికి చోటు లేదు, మబ్బు పడితే పంట చేతికి రాదు. అవగాహన సభల కోసం గ్రాంటులో కేటాయించిన డబ్బులో కొంత మార్చి, రాళ్లకు బదులు ఇసుక నింపి రేడియం పట్టీ కుట్టిన గోనె సంచులు ఇస్తామని అడిగాం. పద్దు మార్చడానికి వీల్లేదన్నారు. సభలు జరిపాం, ప్రమాద బాధితుణ్ణి ఆసుపత్రికి చేర్చినవారిని వేధించకుండా 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 134ఎ సెక్షనుతో రక్షణ కల్పించిందని అందులో చెప్పాం, అది చాలామందికి తెలియని విషయమే కాబట్టి ఆ సభలు వృథా కాలేదు. సంచులు మాత్రం ఇప్పటికీ లేవు.

రిపోర్టులు రాయడం మా వంటివారికి బరువే. జియో ట్యాగ్ (తీసిన చోటు నమోదయ్యే) ఫొటోలు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రం, లబ్ధిదారుల సంఖ్య అడిగారు. లబ్ధిదారుల గడిలో ఏం రాయాలో తెలియక ఊరి జనాభా రాస్తే సరిపోయిందన్నారు. ఎన్ని పడిపోవడాలు తగ్గాయన్న గడి ఆ ఫారంలో ఎక్కడా లేదు. నా దృష్టిలో ఆ ఫారంలో ఉండవలసిన మొదటి ప్రశ్న అదే. రెండో విడత 1,84,000 సకాలంలో వచ్చింది. చివరి 46,000 సరఫరాదారు బిల్లులో జీఎస్టీ సంఖ్య తేడా వల్ల ఏడు నెలలు ఆగింది. ఆ ఏడు నెలలూ విశ్రాంత ఉద్యోగుల సంఘం తమ పొదుపు నుంచి సర్దుబాటు చేసింది.

ఇతర దారులు లేవా అంటే ఉన్నాయి. పార్లమెంటు సభ్యునికి ఏటా 5 కోట్లు ఉండే స్థానికాభివృద్ధి పథకం కింద రెయిలింగు వంటి శాశ్వత నిర్మాణం అడగవచ్చు, కాని నిర్వహణకు అదీ ఇవ్వదు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి ముడిపెట్టింది. మిగిలిన 40 శాతంలో ఊరి అవసరాన్ని బట్టి జీతాలకు తప్ప ఇటువంటి పనికి వాడుకునే వీలు ఉంచింది. రోడ్డు స్వంతదారు బాధ్యతను కూడా మరవకూడదు: ప్రమాణాలు పాటించని రోడ్డు వల్ల ప్రాణం పోతే బాధ్యులైన అధికార సంస్థకు గాని గుత్తేదారుకు గాని లక్ష రూపాయల దాకా జరిమానా విధించే 198ఎ సెక్షను 2019 నుంచి చట్టంలో ఉంది. అమెరికాలో 2021 మౌలిక వసతుల చట్టం కింద స్థానిక సంస్థల రహదారి భద్రతకు అయిదేళ్లలో 500 కోట్ల డాలర్లు కేటాయించినప్పుడు, పనులకు ఇచ్చే గ్రాంటుతోపాటు ముందుగా లెక్కలు తీసి ప్రణాళిక వేసుకోవడానికే వేరుగా గ్రాంటు పెట్టారు. మా టీ దుకాణం నోటు పుస్తకం వంటి పనికి డబ్బు దొరికే ఏర్పాటు అది. ఇక్కడి ఫౌండేషన్లు ఆ పద్ధతిని తీసుకోవడం కష్టమేమీ కాదు.

నోటు పుస్తకం ఇంకా అదే దుకాణంలో ఉంది. పనులు పూర్తిగా కుదురుకున్నాక, దరఖాస్తు ముందు లెక్కించిన అవే నాలుగు నెలల్లో అయిదు సంఘటనలు నమోదయ్యాయి. ట్రక్కును వెనక నుంచి ఢీకొన్నది ఒక్కటీ లేదు. ఇంత చిన్న లెక్కతో పెద్ద మాట చెప్పకూడదని తెలుసు. అయినా ఈ పథకానికి అయిదులో మూడున్నర ఇస్తున్నాను: ఇంజనీరు సలహాకు, ట్రక్కుల స్టిక్కర్లకు నిండుగా, గడువుల విషయంలో ఏమీ లేకుండా. చేతిలో కనీసం మూడు నెలల సొంత లెక్క, నమోదు ఉన్న తోడు సంస్థ, జలవనరుల శాఖ అనుమతి పత్రం ఉన్న సంఘాలు తప్పక దరఖాస్తు పెట్టవచ్చు. అవి లేకుండా డబ్బు మాత్రం ముందు తెచ్చుకుంటే మా స్తంభాల గతే పడుతుంది.

ఈ ఏడు వేసవిలో పంచాయతీ తన 40 శాతం నిధి నుంచి రెయిలింగుకు తీర్మానం చేసింది. అదే తీర్మానంలో బ్లింకర్ల బ్యాటరీలు రెండేళ్లకు ఒకసారి మార్చే ఖర్చును కూడా రాయించాం. కాలువలు కట్టేసిన మూడో రోజున ఇనుప గొట్టాలు వచ్చాయి. నీళ్లు వదిలే నాటికి ఇరవై అయిదు మీటర్లలో పద్దెనిమిది పూర్తయ్యాయి. మిగిలిన ఏడు మీటర్లకు ప్రస్తుతం తాడు కట్టి, దానికి మిగిలిన రేడియం ముక్కలు వేలాడదీశాం.